సూపర్‌చార్జ్‌డ్ మస్టాంగ్ జీటీ: 6,000 దాటితే లీన్ అవుతోంది. పంపు మార్చాలా, ఇంజెక్టర్లా?

ఏలూరు_వీ8 (ఫ్రిస్కో, టెక్సాస్)

అందరికీ నమస్కారం. బండి 2016 మస్టాంగ్ జీటీ, 5.0 కొయొటీ, ఆరు గేర్ల మాన్యువల్. మీద 2.3 లీటర్ల రూట్స్ రకం సూపర్‌చార్జర్ ఉంది. కిట్‌తో వచ్చిన, గంటకు 47 పౌండ్ల పెట్రోలు ఇచ్చే ఇంజెక్టర్లు, ట్యాంకులో కంపెనీ పంపు. 8 పీఎస్ఐ బూస్ట్ (సూపర్‌చార్జర్ అదనంగా తోసే గాలి ఒత్తిడి) మీద ఇన్నాళ్లూ ఏ గొడవా లేదు. ఈమధ్య చిన్న పుల్లీ వేయించాను, బూస్ట్ 11కి వచ్చింది. సమస్య అప్పటి నుంచే.

మూడో గేర్‌లో ఫుల్ థ్రాటిల్ లాగ్ ఇదీ (లాంబ్డా అంటే గాలి, పెట్రోలు నిష్పత్తి; 1 అంటే సమతూకం, అంకె పెరిగే కొద్దీ లీన్, అంటే పెట్రోలు తక్కువ):

4,000 ఆర్‌పీఎం: లాంబ్డా 0.80
5,500: 0.81
6,200: 0.88
6,400: 0.91 (ఇక్కడ కాలు తీసేశాను)

లాగ్ చూడగానే ట్యూనర్ (ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చే ఆయన) రెవ్ లిమిట్ 5,800కి దించేసి, ఫ్యూయల్ సంగతి తేలేదాకా బూస్ట్‌లోకి వెళ్లొద్దన్నారు. ఒక షాపు వాళ్లేమో మూడు పంపుల రిటర్న్ సిస్టమ్ (మిగిలిన పెట్రోలు తిరిగి ట్యాంకుకి వచ్చే ఏర్పాటు), ఇంజెక్టర్లు, రెయిళ్లు, లైన్లు అన్నీ కలిపి పెద్ద కొటేషన్ ఇచ్చారు. అంతా నిజంగా కావాలా? ఇంజెక్టర్లు మాత్రం మారిస్తే సరిపోదా? నా టార్గెట్ 93 ఆక్టేన్ మీద చక్రాల దగ్గర 650 హెచ్‌పీ. తర్వాతెప్పుడైనా ఈ85కి (ఎథనాల్ ఎక్కువగా కలిపిన ఇంధనం) వెళ్లాలని ఉంది. రోజూ ఆఫీసుకి వెళ్లేది కూడా ఈ బండిలోనే.

డైనో_బాబాయ్ (హ్యూస్టన్)

నీ ట్యూనర్ సరైన పని చేశారు, ఆయన మాట జవదాటకు. సూపర్‌చార్జర్ ఉన్న ఇంజిన్ పై ఆర్‌పీఎంలో 0.91కి వెళ్లిందంటే సరదా విషయం కాదు. కంబషన్ చాంబర్ వేడెక్కుతుంది, నాక్ (ఇంధనం తనంతట తానే పేలడం) మొదలవుతుంది, పిస్టన్ రింగుల మధ్య గట్టు విరుగుతుంది. అది విరిగేటప్పుడు బయటికి చప్పుడు కూడా వినపడకపోవచ్చు. తర్వాత ఎగ్జాస్ట్‌లో నీలం పొగ చూసి తెలుసుకోవాల్సిందే.

ఏం కొనాలో తర్వాత చూద్దాం. పెట్రోలు ఎక్కడ ఆగిపోతోందో ముందు పట్టుకోవాలి. రెయిల్ (ఇంజెక్టర్లకి పెట్రోలు పంచే గొట్టం) దగ్గర ప్రెషర్ చూడకుండా పంపా ఇంజెక్టరా అని ఎవరు చెప్పినా అది ఊహే. ప్రెషర్ నిలకడగా ఉండి ఇంజెక్టర్ డ్యూటీ (అది తెరిచి ఉండే సమయం, శాతంలో) 100కి తగిలితే ఇంజెక్టర్లు చిన్నవి. ప్రెషర్ జారిపోతుంటే పంపు, దాని కరెంటు, ఫిల్టర్, లైను, వీటిలో ఏదో ఒకటి. రెండూ ఒకేసారి జరుగుతూ ఉండొచ్చు కూడా.

రెయిల్ ముందు టీ అడాప్టర్ పెట్టించి, 0 నుంచి 100 పీఎస్ఐ ఎలక్ట్రానిక్ సెన్సర్ బిగించు. పెట్రోలు నిండిన గేజ్ మాత్రం క్యాబిన్‌లోకి తేవద్దు. సెన్సర్ వైరొక్కటే లోపలికి రావాలి. దాన్ని లాంబ్డా కొలిచే వైడ్‌బ్యాండ్ సెన్సర్‌తో పాటు ఒకే లాగ్‌లోకి తీసుకో. పంపు కనెక్టర్ దగ్గర వోల్టేజీ కూడా చూడు. ఇది చాలామంది వదిలేస్తారు.

రవ్వంత_రిచ్ (ఎడిసన్, న్యూజెర్సీ)

బ్రదర్, అంత దూరం ఎందుకు? పంపుకి వోల్టేజ్ బూస్టర్ పెట్టండి. బూస్ట్ రాగానే పంపుకి 17 వోల్టుల దాకా ఇస్తుంది, పంపు వేగం పెరుగుతుంది. నా పాత బండికి అదే పెట్టాను. ట్యాంకు దించే పని లేదు, ఒక మధ్యాహ్నంలో అయిపోయింది.

డెట్రాయిట్_కాలిబ్రేటర్ (నోవై, మిషిగన్)

బూస్టర్ చెడ్డదేం కాదు. చిన్న కొరత తీర్చడానికి పనికొస్తుంది. కానీ 17 వోల్టులు ఊరికే రావు. అవతల 17 ఇవ్వాలంటే ఇవతల బ్యాటరీ వైపు నుంచి ఇంకా ఎక్కువ ఆంపియర్లు లాగాలి. అసలు వైరే సన్నగా ఉంటే వేడంతా ఆ వైరు మీద, కనెక్టర్ మీద పడుతుంది. ఇంకో సంగతి: ఇంజెక్టర్లు ఇప్పటికే పూర్తిగా తెరుచుకుని ఉంటే, పంపు ఎంత తోసినా లాభం కొంతే.

ఈయన అడిగేది 650 చక్రాల దగ్గర. అంత పవర్‌కి బూస్టర్ నేను సిఫారసు చేయను. ముందు బాబాయ్ గారు అడిగిన కొలతలు రానివ్వండి.

ఏలూరు_వీ8

కొలతలు తెచ్చాను. డైనో (బండి పవర్ కొలిచే యంత్రం) మీద, ఇగ్నిషన్ టైమింగ్ బాగా తగ్గించి, లాంబ్డా 0.90 తాకితే ఇంజిన్ కట్ అయ్యేలా పెట్టి ట్యూనర్ గారు ఒక్క పుల్ (ఫుల్ థ్రాటిల్ పరుగు) ఇచ్చారు.

ఐడిల్: 55 పీఎస్ఐ
4,000: 54
5,500: 52
6,000: 48
6,300: 44 (ఇక్కడ కట్ అయింది)

బూస్ట్ పైన 11. ఇంజెక్టర్ డ్యూటీ 5,900 నుంచే 98 శాతం.

వోల్టేజీ: బ్యాటరీ దగ్గర 13.7. పంపు కనెక్టర్ నుంచి రెండు సన్న వైర్లు లోపలికి లాగి, మల్టీమీటర్‌ని మినిమమ్ హోల్డ్‌లో పెట్టి చూస్తే పుల్‌లో 11.2కి పడింది. వెనక సీటు ఎత్తి కనెక్టర్ విప్పితే గ్రౌండ్ పిన్ చుట్టూ తెల్ల ప్లాస్టిక్ టీ రంగుకి తిరిగి ఉంది. ఆడ పిన్ కూడా వదులైంది, చేత్తో కదిపితే కదులుతోంది.

డెట్రాయిట్_కాలిబ్రేటర్

చాలా మంచి డేటా. మీకు ఒకటి కాదు, మూడు కొరతలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. విడదీసి చెబుతాను.

మొదటిది, మీ బండిలో రిటర్న్ లైన్ లేదు. రెయిల్ ప్రెషర్ బూస్ట్‌తో పాటు పెరగదు. ఇంజెక్టర్ కొన మానిఫోల్డ్‌లో ఉంటుంది కదా. లోపల 11 పీఎస్ఐ బూస్ట్ ఎదురు తోస్తుంటే, రెయిల్‌లో 55 ఉన్నా ఇంజెక్టర్‌కి అసలు మిగిలేది 44. ఫ్లో ప్రెషర్‌తో సమానంగా మారదు, దాని వర్గమూలంతో మారుతుంది. 44ని 55తో భాగించి వర్గమూలం తీస్తే 0.89. అంటే పంపు ఆరోగ్యంగా ఉన్నా 11 శాతం ఫ్లో పోయినట్టే. ఇది పాత పుల్లీతోనూ ఉంది, 8 పీఎస్ఐకి 8 శాతం దాకా. అప్పుడు ఇంజెక్టర్లకి జాగా ఉంది కాబట్టి కనపడలేదు.

రెండోది, పంపు. 55 నుంచి 44కి పడింది. బూస్ట్ తీసేస్తే ఇంజెక్టర్‌కి దక్కేది 33 మాత్రమే. మొత్తం లెక్క వేస్తే ఫ్లో 0.77కి వచ్చింది. దాదాపు పావు వంతు పెట్రోలు మాయం.

మూడోది, ఇంజెక్టర్ సైజు. మీ 47 పౌండ్ల రేటింగ్ 3 బార్, అంటే 43.5 పీఎస్ఐ దగ్గర అనుకుందాం. 33 దగ్గర అది 41 పౌండ్లు ఇస్తుంది. ఎనిమిదింటికీ కలిపి గంటకు 327 పౌండ్లు. సూపర్‌చార్జ్‌డ్ ఇంజిన్‌కి, రిచ్‌గా నడిపితే, హెచ్‌పీకి గంటకు 0.62 పౌండ్లు లెక్క వేసుకుంటాం. ఆ పెట్రోలు క్రాంక్ దగ్గర సుమారు 528 హెచ్‌పీకి చాలుతుంది. మీ ఇంజిన్ అంతకంటే ఎక్కువ గాలి పీలుస్తోంది, అందుకే 0.80 ఉండాల్సింది 0.90కి జారింది. ఈ లెక్కని 0.90కి సరిచేస్తే 590 దగ్గరికి వస్తుంది. లాగ్, లెక్క రెండూ ఒకే మాట చెబుతున్నాయంటే సెన్సర్లని నమ్మొచ్చు.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. ప్రెషర్ మొత్తం సరిచేసి, బూస్ట్ రిఫరెన్స్ కూడా ఇచ్చి, ఇంజెక్టర్‌కి ఎప్పుడూ నికరంగా 55 దక్కేలా చేశామనుకోండి. ఈ 47లు 100 శాతం డ్యూటీలో 680 క్రాంక్ హెచ్‌పీకి వస్తాయి. సురక్షితమైన 85 శాతం దగ్గర 580. చక్రాల దగ్గర 650 కావాలంటే, 15 శాతం ట్రాన్స్‌మిషన్ నష్టం వేసుకున్నా క్రాంక్ దగ్గర 765 ఉండాలి. కాబట్టి ఇంజెక్టర్లు మార్చక తప్పదు. అవి మాత్రమే మారిస్తే? పెద్ద ఇంజెక్టర్లు ఇదే పంపు మీద పెడితే ప్రెషర్ 44 దగ్గర కూడా ఆగదు. రెండూ కావాలి.

ఆ కాలిన కనెక్టర్ మాత్రం ఈ వారమే బాగు చేయించండి. పెట్రోలు ట్యాంకు మీద వేడెక్కే పిన్ ఉండకూడదు.

ఈ85_అక్క (ఆస్టిన్)

తమ్ముడూ, డెట్రాయిట్ గారి లెక్కనే ముందుకు తీసుకెళ్తాను, కొనేటప్పుడు నీకు పనికొస్తుంది.

765ని 0.62తో గుణిస్తే గంటకు 474 పౌండ్ల పెట్రోలు. ఎనిమిది ఇంజెక్టర్లకి పంచితే ఒక్కోటి 59. 85 శాతం డ్యూటీ దాటకూడదు కాబట్టి దాదాపు 70 పౌండ్ల ఇంజెక్టర్ కావాలి. ఒక పౌండుకి 10.5 సీసీ చొప్పున నిమిషానికి 730 సీసీ.

ఇది పెట్రోలుకి. ఈ85 అయితే ఘనపరిమాణంలో 35 శాతం ఎక్కువ వేసుకో. ఎందుకంటే పెట్రోలుకి 14.7 పాళ్లు గాలి చాలితే, ఈ85కి 9.8 పాళ్ల దగ్గరే సరిపోతుంది. అదే గాలికి ఎక్కువ ఇంధనం పోయాలి. అప్పుడు 990 సీసీ. నువ్వు ఎటూ ఈ85 అంటున్నావు, రెండుసార్లు కొనొద్దు, 1,000 సీసీ తరగతి ఇంజెక్టర్లు ఒకేసారి తీసుకో. పాత రోజుల్లో అంత పెద్ద ఇంజెక్టర్ ఐడిల్‌లో సరిగ్గా నడిచేది కాదు, సిగ్నల్ దగ్గర బండి ఊగేది. ఇప్పటి మంచి ఇంజెక్టర్లతో ఆ బాధ లేదు, డేటా సరిగ్గా ఉంటే.

డేటా అంటే పెట్టె మీద రాసిన సీసీ ఒక్కటే కాదు. వోల్టేజీని బట్టి ఇంజెక్టర్ తెరుచుకోవడానికి పట్టే ఆలస్యం, చిన్న పల్స్‌లో దాని ప్రవర్తన, ఇవన్నీ కావాలి. ఫోర్డ్ ఈసీయూకి (ఇంజిన్ కంప్యూటర్) హై స్లోప్, లో స్లోప్, బ్రేక్ పాయింట్ (పెద్ద, చిన్న పల్స్‌లలో ఫ్లో, అది మారే చోటు) అని విడిగా ఇవ్వాలి. ఇవి ఇవ్వని ఇంజెక్టర్ ఎంత చవకైనా కొనకు. ట్యూనర్ ఊహించి అంకెలు వేస్తూ కూర్చుంటే నీకు గంటల డబ్బులే ఎక్కువవుతాయి.

పంపు సంగతి. 474 పౌండ్లంటే 215 కిలోలు, పెట్రోలు సాంద్రత 0.74 వేసుకుంటే గంటకు 290 లీటర్లు. నీ ట్యాంకు 60 లీటర్లు, ఆ లెక్కన ఫుల్ థ్రాటిల్‌లో పన్నెండు నిమిషాల్లో ఖాళీ. ఈ85కి 390 లీటర్లు. దీని మీద 20 శాతం మిగులు వేస్తే 470. పంపు డబ్బా మీద రాసిన లీటర్లు సాధారణంగా 40 పీఎస్ఐ దగ్గరివి. నీకు కావాల్సింది 70 పీఎస్ఐ దగ్గర. పంపు ప్రెషర్ పెరిగే కొద్దీ తక్కువ ఇస్తుంది. కంపెనీ ఇచ్చే ఫ్లో గ్రాఫ్‌లో 70 పీఎస్ఐ, 13.5 వోల్టుల గీత ఎక్కడ కలుస్తుందో అక్కడి అంకె చూడు. అలా చూస్తే పెట్రోలుకి గంటకు 450 లీటర్ల తరగతి పంపు ఒకటి చాలు, ఈ85కి రెండు. మూడు పంపుల కొటేషన్ నీ పవర్‌కి ఎక్కువే. అందులో రిటర్న్ లైన్ మాత్రం వేయించు.

కూకట్‌పల్లి_కంప్రెసర్ (హైదరాబాద్)

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి, నాదీ సూపర్‌చార్జరే. 2008 మెర్సిడెస్ సీ200 కంప్రెసర్, 1.8 లీటర్ ఇంజిన్. బంకుల్లో ఈ20 (20 శాతం ఎథనాల్ పెట్రోలు) వచ్చాక లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ (ఈసీయూ చేసే ఇంధన సర్దుబాటు) ప్లస్ 9 శాతం చూపిస్తోంది. చెక్ ఇంజిన్ లైట్ లేదు. మెకానిక్ పంపు బలహీనపడింది, మార్చేద్దాం అంటున్నాడు. దానికి పెద్ద పంపు వేయాలా? ఎక్స్‌పీ100 (100 ఆక్టేన్ పెట్రోలు) పోస్తే ఏమైనా తేడా ఉంటుందా?

ఈ85_అక్క

ఇదీ ఇదే విషయం కదా, దూరడమేముంది! మీ బండి తయారైనప్పుడు ఈసీయూ మనసులో ఉన్నది మామూలు పెట్రోలు, 14.7. ఈ20కి అది 13.5 చుట్టూ ఉంటుంది. తేడా 8, 9 శాతం. ఈసీయూ తనంతట తాను అంత పెట్రోలు కలిపి సర్దుకుంటోంది. ప్లస్ 9 అంటే చాలావరకు ఇంధనమే కారణం, పంపు చెడిపోయిందనడానికి అదొక్కటే సాక్ష్యం కాదు.

పంపు అనుమానం తీరాలంటే ట్రిమ్ ఎక్కడ పెరుగుతోందో చూడమనండి. ఐడిల్‌లో ఎక్కువగా ఉండి, హైవే మీద తగ్గితే ఎక్కడో గాలి లీక్. ఆ ఇంజిన్‌లో బ్రీదర్ గొట్టాలు ఎండి చీలడం మామూలే, ముందు అవే చూడాలి. లోడ్ పెరిగే కొద్దీ ట్రిమ్ పెరిగితే అప్పుడు పంపు, ఫిల్టర్. ప్రెషర్ గేజ్ పెట్టి కొలిస్తే అరగంట పని. స్టాక్ బూస్ట్ మీద పెద్ద పంపు అవసరం లేదు. ఆ వయసు బండికి ఈ20లో చూడాల్సింది రబ్బరు గొట్టాలు, ఓ రింగులు. పెట్రోలు వాసన వస్తే అశ్రద్ధ చేయకండి.

ఎక్స్‌పీ100 నాక్‌ని ఆపుతుంది గానీ పడిపోయిన ప్రెషర్‌ని తేలేదు. అన్నట్టు, ఇక్కడ మేం 93 అనేది మీ లెక్కలో దాదాపు 98. అమెరికాలో రెండు పద్ధతుల సగటు రాస్తారు, ఇండియాలో రీసెర్చ్ ఆక్టేన్ రాస్తారు.

డైనో_బాబాయ్

ఏలూరు, పంపులు రెండన్నది సరే. రిటర్న్ లైన్ వేయించాలా అన్న చోట నేను అక్కతో పూర్తిగా ఏకీభవించను. నీది రోజువారీ బండి. రిటర్న్ సిస్టమ్ అంటే కారు కింద పొడవునా రెండో లైను, రెగ్యులేటర్, పది పదిహేను ఫిటింగులు. ప్రతి ఫిటింగూ కారడానికి ఒక అవకాశమే. పైగా ఇంజిన్ దగ్గర వేడెక్కిన పెట్రోలు తిరిగి ట్యాంకులో పడుతూ ఉంటుంది. టెక్సాస్ ఆగస్టులో, 105 డిగ్రీల ఫారెన్‌హీట్ ఎండలో, పావు ట్యాంకుతో ట్రాఫిక్‌లో నిలబడితే ఆ పెట్రోలు ఎంత వేడెక్కుతుందో ఆలోచించు. వేడి పెట్రోల్లో పంపు ఆవిరిని తోస్తుంది, మోత పెడుతుంది.

డాడ్జ్ హెల్‌క్యాట్ చూడు. 2015లో 707 హెచ్‌పీతో వచ్చింది, 600 సీసీ ఇంజెక్టర్లు, రిటర్న్ లైన్ లేదు. ట్యాంకులోని పంపే ప్రెషర్‌ని అవసరానికి తగ్గట్టు మారుస్తుంది. షోరూమ్ నుంచి వచ్చిన బండి అలా నడిచినప్పుడు, నీ 650కి రిటర్న్ లేకుండా రెండు పంపుల హ్యాట్ (ట్యాంకు మూతకి బిగించిన పంపుల సెట్టు), మంచి వైరింగ్, పెద్ద ఇంజెక్టర్లు పెట్టి, ప్రెషర్ తేడాని ట్యూన్‌లో సరిచేయొచ్చు.

ఈ85_అక్క

బాబాయ్, హెల్‌క్యాట్‌లో పంపు మాట ఈసీయూ వింటుంది, ఈసీయూ మాట పంపు వింటుంది. ఫ్యాక్టరీ వాళ్లు ఆ కాలిబ్రేషన్ మీద పెట్టిన పని మన ఊరి షాపులో జరగదు. మస్టాంగ్‌లో ప్రెషర్ బిగిసిపోయి ఉంది. బూస్ట్ పెరిగిన కొద్దీ ఇంజెక్టర్ తగ్గుతూనే ఉంటుంది. 11 పీఎస్ఐకి ట్యూన్‌లో సర్దొచ్చు, ఒప్పుకుంటాను. రేపు ఇంకో పుల్లీ వేస్తే?

రిటర్న్‌లో రెగ్యులేటర్‌కి మానిఫోల్డ్ నుంచి ఒక గొట్టం వెళ్తుంది. ఒక పీఎస్ఐ బూస్ట్‌కి ఒక పీఎస్ఐ రెయిల్ ప్రెషర్. ఇంజెక్టర్‌కి నికరంగా దక్కేది ఎప్పుడూ ఒకటే. ట్యూనర్ పని సగమవుతుంది. వేడి గురించి నువ్వన్నది నిజం, దానికి ఉపాయం రెండో పంపుని ఎప్పుడూ నడపకపోవడం. 5 పీఎస్ఐ బూస్ట్ దగ్గర హాబ్స్ స్విచ్‌తో (ఒత్తిడికి ఆన్ అయ్యేది) గానీ ఈసీయూ అవుట్‌పుట్‌తో గానీ ఆన్ చెయ్. ఆఫీసుకి వెళ్లేటప్పుడు ఒక్క పంపే తిరుగుతుంది.

డాడ్జ్ పేరు తెచ్చావు కాబట్టి ఇంకోటి. 2023 డీమన్ 170కి ఈ10 మీద 900 హెచ్‌పీ, ఈ85 మీద 1,025. అదే బండి, అదే సూపర్‌చార్జర్. ఈ85 చల్లదనం, ఆక్టేన్ ఇచ్చే లాభం అది. తమ్ముడు అటు వెళ్లాలనుకుంటున్నాడు, దానికి సరిపడా లైను ఇప్పుడే వేయనీ.

ఏలూరు_వీ8

ఇద్దరి మాటా అర్థమైంది. ఈ85కి వెళ్లడం ఖాయం కాబట్టి రిటర్న్ వైపే మొగ్గుతున్నాను: రెండు పంపుల హ్యాట్, రెండోది బూస్ట్ మీద, 1,000 సీసీ ఇంజెక్టర్లు, ఫ్లెక్స్ ఫ్యూయల్ సెన్సర్ (ఇంధనంలో ఎథనాల్ శాతం కొలిచేది). ఈలోగా కనెక్టర్, గ్రౌండ్ బాగు చేయించి మళ్లీ కొలిచాను. పంపు దగ్గర 12.9 వస్తోంది, అదే ఆర్‌పీఎంలో ప్రెషర్ 44 బదులు 49. వైరు ఒక్కటి సరిచేస్తేనే 5 పీఎస్ఐ! ఇక బిగించేటప్పుడు షాపు వాళ్లకి ఏమేం చెప్పాలో చెప్పండి.

డెట్రాయిట్_కాలిబ్రేటర్

ఇక్కడ కొంచెం ఎక్కువే రాస్తాను, ఎందుకంటే బండ్లు కాలిపోయేది పంపు సైజు వల్ల కాదు, బిగింపు వల్ల.

వైరింగ్: ఒక్కో పంపుకి వేరే రిలే, వేరే ఫ్యూజ్, 10 గేజ్ వైరు నేరుగా బ్యాటరీ నుంచి. ఫ్యూజ్ బ్యాటరీ పక్కనే ఉండాలి, పంపు పక్కన కాదు. గ్రౌండ్ కూడా అంతే మందం, పెయింట్ గీకి బాడీకి బిగించాలి. రిలేకి సిగ్నల్ మాత్రం ఫ్యాక్టరీ పంపు సర్క్యూట్ నుంచే రావాలి, ఇగ్నిషన్ నుంచి కాదు. యాక్సిడెంట్ అయితే ఫోర్డ్ ఈసీయూ పంపుని ఆపేస్తుంది. ఇగ్నిషన్‌కి కలిపితే తెగిన లైను లోంచి పంపు పెట్రోలు తోస్తూనే ఉంటుంది. షాపు వాళ్లని ఈ ఒక్కటి తప్పకుండా అడగండి. పని అయ్యాక, ఇంజిన్ ఆగగానే పంపులు రెండూ ఆగుతున్నాయో లేదో మీ చెవితో వినండి.

గొట్టాలు: ఈ85కి మామూలు రబ్బరు వద్దు. లోపల పీటీఎఫ్ఈ (టెఫ్లాన్) పొర ఉన్నది, అందులోనూ స్టాటిక్ కరెంటుని వదిలేసే కండక్టివ్ రకం. ట్యాంకు లోపల మునిగి ఉండే ముక్కకి ఎస్ఏఈ జే30ఆర్10 రేటింగ్ ఉండాలి. మామూలు ఫ్యూయల్ గొట్టం పెట్రోల్లో మునిగి ఉంటే బయటి పొర మెత్తబడి పొట్టు రాలుతుంది. ఆ పొట్టు నేరుగా పంపు జల్లెడలోకి. సప్లై 8 ఏఎన్, రిటర్న్ 6 ఏఎన్ (ఏఎన్ అంటే గొట్టం సైజు నంబరు) మీకు చాలు.

ఫిల్టర్: పంపు తర్వాత 10 మైక్రాన్, కాగితం కాదు, ఎథనాల్‌కి తట్టుకునేది. ఈ85 మొదటిసారి పోసినప్పుడు ట్యాంకులో పాత మురికిని కడిగేస్తుంది. మొదటి కొన్ని ట్యాంకుల తర్వాత ఫిల్టర్ విప్పి చూడాలి.

మొదటిసారి స్టార్ట్ చేసే ముందు ఇంజిన్ తిప్పకుండా పంపులు మాత్రం ఆన్ చేసి, ప్రతి ఫిటింగ్ చుట్టూ పొడి టిష్యూ పెట్టి చూడాలి. తర్వాత ఇంజిన్ బాగా వేడెక్కాక మళ్లీ ఒకసారి. ఓ రింగులకి బిగించే ముందు పల్చగా నూనె రాయాలి, లేకపోతే లోపలికి వెళ్లేటప్పుడు అంచు కోసుకుపోతుంది.

సిలికాన్_స్టాంగ్ (ఫ్రీమాంట్, కాలిఫోర్నియా)

ఒక్క మాట. కాలిఫోర్నియాలో ఉన్నవాళ్లు ఇది చదివి తొందరపడొద్దు. సూపర్‌చార్జర్ కిట్‌కి కార్బ్ (ఆ రాష్ట్ర వాయు కాలుష్య బోర్డు) ఇచ్చే ఈఓ అనుమతి నంబర్ ఉండొచ్చు, కానీ అది ఆ కిట్ ఎలా వచ్చిందో అలాగే ఉన్నప్పుడు. పుల్లీ, ఇంజెక్టర్లు, ట్యూన్ మారిస్తే ఆ అనుమతి వర్తించదు, స్మాగ్ (పొగ పరీక్ష)లో దొరుకుతారు. టెక్సాస్‌లో 2025 నుంచి సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ ఎత్తేసినా కాలిన్, డాలస్ లాంటి కౌంటీల్లో ఎమిషన్స్ టెస్ట్ ఉంది. పని మొదలుపెట్టే ముందే ట్యూనర్‌తో ఈ విషయం మాట్లాడుకోండి.

ఏలూరు_వీ8

పని పూర్తయింది. టిష్యూ టెస్ట్‌లో ఒక్క ఫిటింగ్ తడి చూపించింది, రెగ్యులేటర్ రిటర్న్ వైపు. విప్పి మళ్లీ బిగించారు, ఇప్పుడు పొడిగా ఉంది. కీ ఆఫ్ చేయగానే పంపులు రెండూ ఆగుతున్నాయి, విన్నాను.

93 మీద డైనో లాగ్:

4,000: రెయిల్ 68, బూస్ట్ 10, లాంబ్డా 0.80
5,500: 69, 11, 0.80
6,800: 69, 11, 0.80. డ్యూటీ 54 శాతం.

గీత గీసినట్టు ఉంది. చక్రాల దగ్గర 641. నా టార్గెట్‌కి కొంచెం తక్కువే, కానీ ట్యూనర్ గారు టైమింగ్ ఇంక పెంచనన్నారు, నేనూ అడగలేదు.

ఒక అనుమానం. రెగ్యులేటర్ 58కి సెట్ చేశామన్నారు. కానీ ఐడిల్‌లో 48 చూపిస్తోంది. పంపు మళ్లీ పడిపోతోందా? కాస్త టెన్షన్‌గా ఉంది.

డైనో_బాబాయ్

టెన్షన్ పడకు, అది అలాగే ఉండాలి. 58 అనేది రెగ్యులేటర్ గొట్టం పీకి, గాలికి వదిలేసి సెట్ చేసేది. ఐడిల్‌లో మానిఫోల్డ్‌లో వాక్యూమ్ ఉంటుంది, 20 అంగుళాలంటే దాదాపు 10 పీఎస్ఐ. రెగ్యులేటర్ అంత తగ్గిస్తుంది. 58లోంచి 10 తీస్తే 48. బూస్ట్‌లో 11 కలిపితే 69. నీ లాగ్ పాఠంలా ఉంది. అక్క మాట నెగ్గింది, ఈ లాగ్ చూశాక నీ బండికి అదే సరైన దారి అంటాను.

ఆ గొట్టానికి మాత్రం రెండు కొసల్లో క్లాంపులు పెట్టించు. బూస్ట్‌లో అది ఊడిపోతే రెయిల్ 58 దగ్గరే ఆగి, ఒక్కసారిగా లీన్ అవుతుంది. రెయిల్ ప్రెషర్ మైనస్ బూస్ట్ 52 కంటే తగ్గితే థ్రాటిల్ కట్ చేసేలా రక్షణ పెట్టమని ట్యూనర్‌ని అడుగు.

ఇంకోటి, ఫ్యూయల్ కాదు గానీ చెప్పకుండా ఉండలేను. కొయొటీలో ఆయిల్ పంపు గేర్లు పౌడర్ మెటల్. సూపర్‌చార్జర్ వేసి రెవ్ లిమిటర్ తాకిస్తే పగిలిన బండ్లు చాలా ఉన్నాయి. అవి మార్చకపోయి ఉంటే, ఈ85 పవర్‌కి వెళ్లేముందు బిల్లెట్ గేర్లు, క్రాంక్ స్ప్రాకెట్ వేయించు. పెట్రోలు సరిగ్గా అందుతున్న ఇంజిన్ ఆయిల్ లేక పోతే చాలా బాధ.

ఏలూరు_వీ8

గేర్లు సూపర్‌చార్జర్‌తో పాటే మార్పించాను బాబాయ్. క్లాంపులు, రక్షణ రెండూ పెట్టించాను. ఇవాళ మొదటిసారి బంకులో ఈ85 పోయించాను. ట్యాంకు దాదాపు ఖాళీ చేసి పోసినా సెన్సర్ 68 శాతం చూపిస్తోంది. సెన్సర్ తప్పా, బంకు వాళ్లు మోసమా?

ఈ85_అక్క

రెండూ కాకపోవచ్చు తమ్ముడూ. ఈ85 అని బోర్డు ఉన్నా, ప్రమాణం ప్రకారం ఎథనాల్ 51 నుంచి 83 శాతం దాకా ఎంతైనా ఉండొచ్చు. చలికాలంలో స్టార్టింగ్ ఇబ్బంది రాకుండా పెట్రోలు ఎక్కువ కలుపుతారు. పైగా ట్యాంకు అడుగున, లైన్లలో పాత 93 కొంత మిగిలే ఉంటుంది.

సెన్సర్‌ని సరిచూడటం తేలిక. అది హెర్ట్జ్‌లో చెబుతుంది, 50 హెర్ట్జ్ అంటే సున్నా శాతం, 150 అంటే నూరు. నీ 68కి వైరు మీద 118 హెర్ట్జ్ రావాలి. అది సరిపోయాక, గీతలున్న గాజు గొట్టంలో నీళ్లూ ఆ ఇంధనమూ కలిపి కుదిపి పరీక్ష చెయ్. ఎథనాల్ నీళ్లతో కిందికి దిగిపోతుంది, పైన తేలే పెట్రోలు ఎంతో చూస్తే లెక్క తెలుస్తుంది.

ఫ్లెక్స్ ట్యూన్ ఉంది కాబట్టి 68 అయినా 80 అయినా బండి సర్దుకుంటుంది. కానీ కొత్త ఇంధనం పోయించాక రెయిల్ దాకా చేరి, సెన్సర్ అంకె నిలబడేదాకా నెమ్మదిగా నడుపు. ఆ తర్వాతే ఫుల్ థ్రాటిల్. పావు ట్యాంకు కంటే తక్కువున్నప్పుడు మలుపుల్లో బూస్ట్ వద్దు, పెట్రోలు ఒక పక్కకి ఒరిగి పంపు గాలి పీలుస్తుంది. మొదటి ఈ85 పుల్ లాగ్ ఇక్కడే పెట్టు, డ్యూటీ 75 దాటిందేమో చూద్దాం.